బాట పడ్డ చోటే బస్తీ

హైదరాబాద్ కంటే పురానా పూల్ 13 ఏళ్లు పెద్దది. ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద ఆ వంతెన కట్టించింది 1578లో. ఆయన కొడుకు మహమ్మద్ కులీ చార్మినార్ నిలిపింది 1591లో. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి ముందే ఉంది, నగరం వచ్చి దాని మీద కూర్చుంది. కోటకూ వంతెనకూ మధ్య వర్తకుల బిడారులు దిగిన చోటుకు కార్వాన్ అన్న పేరు ఇవాళ్టికీ నిలిచింది.

1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెలిశాక, రెండు ఊళ్లనూ ట్యాంక్‌బండ్ కలిపింది. అసలు విస్తరణ మాత్రం స్వాతంత్ర్యం తర్వాత, జాతీయ రహదారుల పొడవునా జరిగింది. బొంబాయి రోడ్డున రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. అదే రోడ్డు పక్కన కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ లేచింది. విజయవాడ రోడ్డున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వరసగా పెరిగాయి. నల్గొండ, కృష్ణా, గుంటూరు వాళ్లకు ఆ వైపు ఇల్లుంటే పండక్కి సొంతూరి బస్సు ఇంటి దగ్గరే ఎక్కొచ్చు.

ఆ రోడ్ల మీదికి ఏ సందులోంచైనా రావచ్చు కాబట్టి కాలనీలు తోరణంలా సాగాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు తీరు వేరు. అటూ ఇటూ కంచె. ఇంటర్‌చేంజ్ దగ్గర తప్ప ఎక్కలేం, దిగలేం. కోకాపేట, కొల్లూరు లాంటి చోట్ల అపార్టుమెంట్లు గుత్తులుగా లేవడానికి ఇదో పెద్ద కారణం. అలాగని రోడ్డొక్కటే చాలదు. జంట జలాశయాలను కాపాడేందుకు 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. పక్కనుంచే ఔటర్ వెళ్తున్నా అక్కడ కోకాపేట టవర్లు లేవలేదు. ఆ చెరువుల నీళ్లు తాగి పెరిగిన నగరం అంతమాత్రం ఆగడం న్యాయమే అంటాను.

ప్లాటు కొనేవాళ్ల మొదటి ప్రశ్న: అప్రోచ్ రోడ్డు ఎన్నడుగులు? అరవై అడుగుల రోడ్డు బిట్టుకు ఒక ధర, వెనక వీధికి మరో ధర. చిన్న జీతాల వాళ్లకు దక్కేది ఆ వెనక వీధే. శివార్లలో మా వీధీ అలాంటిదే. వానాకాలం ఆటో మెయిన్ రోడ్డు మీదే దింపేసేది. చెప్పులు చేత పట్టుకుని, పాతిన రాళ్ల గుర్తుతో బురదలో నడిచేవాళ్లం. నీళ్ల ట్యాంకరు లోపలికి రానంది. చివరికి ఇంటింటికీ చందాలేసుకుని మొరం పోయించుకున్నాం. ఏళ్లుగా తుమ్మలు మొలిచిన పక్క ప్లాట్లలో ఆ ఎండాకాలమే పునాదులు తవ్వారు.