విదేశీ చదువులు: భయమంతా తుపాకీ గురించే.. ప్రాణాలు పోతున్నది మాత్రం వేరేచోట! ఫ్లైట్ ఎక్కే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే..

ఆగస్టు వస్తే చాలు.. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎటు చూసినా పెద్ద పెద్ద సూట్‌కేసులు, సాగనంపడానికి వచ్చిన చుట్టాలు, ఆపుకోలేని కన్నీళ్లు. పిల్లలను పైచదువులకు పంపే తల్లిదండ్రుల్లో ఎవరిని కదిలించినా చెప్పే భయం ఒకటే. 'అక్కడ కాల్పులంట, మనవాళ్ల మీద దాడులంట' అని. ఆ భయం ఉత్తదేం కాదు. కానీ అసలు ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది మరోచోట. పార్లమెంటుకు కేంద్రం ఇచ్చిన లెక్కలే ఆ సంగతి చెబుతున్నాయి.

నూటికి ముగ్గురే..

2024 జులైలో విదేశాంగ శాఖ లోక్‌సభకు లిఖితపూర్వక సమాధానం ఇచ్చింది. దాని ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో 41 దేశాల్లో 633 మంది భారత విద్యార్థులు చనిపోయారు. కెనడాలో 172 మంది, అమెరికాలో 108, బ్రిటన్‌లో 58, ఆస్ట్రేలియాలో 57, రష్యాలో 37, జర్మనీలో 24 మంది.

ఈ 633 మందిలో దాడుల్లో చనిపోయినవాళ్లు 19 మంది. వాళ్లలో 9 మంది కెనడాలో, ఆరుగురు అమెరికాలో. అంటే నూటికి ముగ్గురు. మిగతా మరణాలకు ప్రమాదాలు, అనారోగ్యం, సహజ కారణాలు.. ఇలా చాలా ఉన్నాయి. కెనడా అంకె పెద్దగా ఉందని ఆ దేశమే ప్రమాదకరం అనుకోవడానికి లేదు. అక్కడ చదివే మనవాళ్ల సంఖ్య లక్షల్లో ఉంటుంది.

టూర్‌కు వెళ్లి.. తిరిగిరాలేదు

2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీట మునిగి చనిపోయారు. మే నెలలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫాసిల్ క్రీక్ జలపాతంలో మరో ఇద్దరు. జులైలో ఆస్ట్రేలియాలోని మిల్లా మిల్లా జలపాతంలో ఇంకో ఇద్దరు. నాలుగు నెలల్లో మూడు దేశాల్లో ఆరుగురు తెలుగు పిల్లలు.. అందరినీ మింగేసింది నీళ్లే. అదే ఏడాది జూన్‌లో రష్యాలో వోల్ఖోవ్ నదిలో నలుగురు భారతీయ మెడికల్ విద్యార్థులు కూడా మునిగిపోయారు.

ఊళ్లో బావిలో, కాలువలో ఈత కొట్టాం కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు. చల్లని దేశాల్లో బయట ఎండ కాస్తున్నా నీళ్లు మంచులా ఉంటాయి. ఒక్కసారిగా అందులో పడితే ఊపిరి అదుపు తప్పుతుంది, నోరు తెరిచి గుటకలు వేస్తారు. ఈత వచ్చినవాళ్లు కూడా మొదటి నిమిషంలోనే మునిగిపోయేది ఇందుకే. అలాంటప్పుడు కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. ఆ తర్వాతే ఒడ్డు వైపు ఈదాలి.

సముద్రంలో అయితే లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. వాటికి ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం నుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. ఆస్ట్రేలియా బీచ్‌లలో ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగాలి. స్నేహితుడు మునిగిపోతుంటే వెంటనే దూకేయొద్దు. తాడో, ఖాళీ వాటర్ క్యానో.. ఏది అందితే అది విసరాలి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి. ఒకరి కోసం దూకి ఇద్దరూ పోవడం పదేపదే జరుగుతున్న విషాదం.

రోడ్డు దాటడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే

మనదగ్గర బండ్లు ఎడమవైపు వెళ్తాయి. అమెరికా, కెనడా, జర్మనీ, రష్యాల్లో కుడివైపు. రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అక్కడ బండి ముందుగా వచ్చేది ఎడమవైపు నుంచి. మొదటి వారాల్లో ఈ ఒక్క అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మాత్రం మన పద్ధతే.

ఇక డ్రైవింగ్. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. గడువు ఏడాది. అయితే ఒక్కో దేశానికి, అమెరికాలో అయితే ఒక్కో రాష్ట్రానికి రూల్స్ వేరు. అక్కడికి వెళ్లాక కనుక్కున్నాకే స్టీరింగ్ పట్టాలి. అద్దె కారు తీసుకుంటే అగ్రిమెంట్‌లో పేరున్నవాళ్లే నడపాలి. పేరు లేనివాళ్లు నడిపి యాక్సిడెంట్ అయితే బీమా వర్తించకపోవచ్చు. వీకెండ్ ట్రిప్ ముగించుకుని నిద్ర ఆపుకుంటూ అర్ధరాత్రి తిరిగి రావడం, వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోవడం.. ఈ రెండూ మానుకుంటే చాలు, సగం ముప్పు తప్పినట్టే.

రాత్రి డ్యూటీలతో జాగ్రత్త

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే పని చేయొచ్చు. అనుమతి లేకుండా బయట పనిచేయడం వీసా నిబంధనల ఉల్లంఘన. అయినా ఖర్చుల కోసం రాత్రిపూట గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో పనిచేసేవాళ్లు ఉన్నారు. అక్కడ దోపిడీ జరిగితే, వీసా పోతుందన్న భయంతో పోలీసులకు చెప్పడానికి కూడా వెనకాడతారు. ఎవరైనా ఆయుధం చూపిస్తే డబ్బు, ఫోన్ ఇచ్చేయడమే తెలివి. అవి మళ్లీ వస్తాయి.

యూనివర్సిటీలో సీటు ఖరారు చేసుకునే ముందే క్యాంపస్ భద్రత ఎలా ఉందో చూసుకోవచ్చు. క్లెరీ చట్టం ప్రకారం అమెరికా యూనివర్సిటీలు గత మూడేళ్ల నేరాల లెక్కలతో ఏటా అక్టోబర్ 1లోగా నివేదిక ఇవ్వాలి. అది వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. ర్యాంకింగ్ చూసినంత శ్రద్ధగా దీన్నీ చూడాలి.

బీమా.. ఇక్కడే చాలామంది పొరపాటు

అమెరికాకు జే-1 వీసా మీద వెళ్లేవారికి బీమా తప్పనిసరి. ఒక్కో ప్రమాదానికి లేదా జబ్బుకు కనీసం లక్ష డాలర్ల వైద్యం, అత్యవసరంగా తరలించడానికి 50 వేల డాలర్లు, మృతదేహాన్ని స్వదేశానికి పంపడానికి 25 వేల డాలర్లు కవర్ కావాలి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఎఫ్-1 వీసాకు మాత్రం ఇలాంటి ఫెడరల్ నిబంధన లేదు. అంతా యూనివర్సిటీ ఇష్టం. అందుకే చౌకలో దొరికిందని ఏదో ఒక పాలసీ తీసుకోకుండా.. మృతదేహం తరలింపు, పాత జబ్బులు, మానసిక సమస్యలకు చికిత్స, ట్రెక్కింగ్‌లో ప్రమాదాలు ఇందులో ఉన్నాయా లేదా అని అడగాలి. ఆ మాట అడగడానికి అమ్మానాన్నలకు నోరు రాదు. కానీ అడగని ఇళ్లలోనే తర్వాత చందాలు పోగుచేయాల్సి వస్తోంది.

బ్రిటన్‌లో వీసాతోపాటు కట్టే హెల్త్ సర్‌చార్జ్‌తో అక్కడి ప్రభుత్వ వైద్యం అందుతుంది. ఆస్ట్రేలియాలో విద్యార్థులకు హెల్త్ కవర్ తప్పనిసరి.

ఒంటరితనం కూడా ప్రమాదమే. అప్పు, ఉద్యోగం, చలి, చీకటి.. అన్నీ కలిసి కుంగదీస్తాయి. అమెరికాలో 988 నంబర్‌కు ఫోన్ చేస్తే ఏ సమయంలోనైనా మాట్లాడేవాళ్లు ఉంటారు.

దేశమే అల్లకల్లోలమైతే..

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు 'ఆపరేషన్ గంగ' కింద 90 విమానాల్లో మనవాళ్లను తెచ్చారు. 2024 మే నెలలో కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్లపై అల్లరిమూకలు దాడి చేశాయి. 2025 జూన్‌లో ఇరాన్ నుంచి 'ఆపరేషన్ సింధు'లో ముందుగా వచ్చింది 110 మంది విద్యార్థులే. ఇలాంటి సమయాల్లో ఎంబసీకి మొదట కావాల్సింది.. ఎవరు ఎక్కడ ఉన్నారన్న వివరం. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో విద్యార్థులు పేరు నమోదు చేసుకోవాలని చెప్పేది ఇందుకే.

ఏదైనా జరిగితే మొదటి కొన్ని గంటల్లో..

అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, యూరప్‌లో 112, ఆస్ట్రేలియాలో 000.. ముందు వీటికి ఫోన్ చేయాలి. తర్వాత ఎంబసీ లేదా కాన్సులేట్ ఎమర్జెన్సీ నంబర్. అమెరికాలో 18 ఏళ్లు దాటితే విద్యార్థి వివరాలను యూనివర్సిటీ గానీ, ఆస్పత్రి గానీ తల్లిదండ్రులకైనా అంత తేలిగ్గా చెప్పవు. చేరిన రోజే ఎమర్జెన్సీ కాంటాక్ట్, అనుమతి పత్రాల్లో ఇంట్లోవాళ్ల పేర్లు రాయించాలి.

ప్రాణనష్టం జరిగితే డెత్ సర్టిఫికెట్, పోలీస్ రిపోర్ట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ కాపీ, కుటుంబ సభ్యుల అంగీకార పత్రం లాంటివి కావాలి. ఖర్చు భరించలేని కుటుంబాలకు ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం చేసే అవకాశం ఉంది. ఏపీవాళ్లకు ఏపీఎన్ఆర్టీ సొసైటీ, అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాలు అండగా ఉంటాయి.

బయల్దేరే ముందు ఈ ఐదూ అయ్యాయా?

1. 'మదద్'లో రిజిస్ట్రేషన్
2. బీమా పాలసీ కాపీ ఇంట్లో ఒకటి, ఫోన్‌లో ఒకటి
3. పాస్‌పోర్ట్, వీసా, అడ్మిషన్ లెటర్ కాపీలు ఇంట్లో
4. రూమ్‌మేట్ ఒకరి నంబర్, అడ్రస్ అమ్మానాన్నల దగ్గర
5. ఎంబసీ, యూనివర్సిటీ ఎమర్జెన్సీ నంబర్లు ఫోన్‌లోనూ, కాగితం మీదా

పచ్చళ్లు, పొడులు సూట్‌కేసులో సర్దడానికి వారం పడుతుంది. ఈ ఐదు పనులకు ఒక్క పూట చాలు.