పొద ఫ్రెంచి చిక్కుడు

పొద ఫ్రెంచి చిక్కుడు ఫాబేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక కూరగాయ మొక్క. దీని శాస్త్రీయ నామం ఫేసియోలస్ వల్గారిస్. దీని లేత కాయలనే బజారులో బీన్స్ అంటారు. ఇదే జాతి ఎండుగింజలు రాజ్మా. తెలుగువారు రథసప్తమినాడు రథం కట్టే చిక్కుడు వేరు. అది లాబ్‌లాబ్ ప్రజాతికి చెందినది. ఫ్రెంచి చిక్కుడు పుట్టుక అమెరికా ఖండాలలో. 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. పేరును బట్టి ఇది ఫ్రాన్సు దేశపు మొక్క అనుకోవడం పొరపాటు.

ఈ జాతిలో తీగ రకాలు, పొద రకాలు ఉన్నాయి. పొద రకాలు అడుగున్నర, రెండడుగుల ఎత్తులో ఆగిపోతాయి, పందిరి అక్కరలేదు. అందువలన పెరటి మడులకు, మిద్దె మీది కుండీలకు ఇవి అనువైనవి.

విత్తే కాలం

పెరటి సాగులో జయాపజయాలను నిర్ణయించేది ఎరువుకంటే విత్తే సమయమే. ఈ మొక్కకు 15 నుండి 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. 30 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. వేసవిలో విత్తినవారికి మొక్క ఏపుగానే కనిపిస్తుంది, కాయలు మాత్రం ఉండవు. పూత సుమారు 40 రోజులకు వస్తుంది కనుక అది చలికాలంలో పడేటట్లు లెక్క చూసుకోవాలి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ మైదానాలలో అక్టోబరు రెండవ పక్షం నుండి నవంబరు వరకు విత్తడం మంచిది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవన వర్షాల ఉధృతి తగ్గే వరకు ఆగాలి. మదనపల్లె, అరకు వంటి ఎత్తైన ప్రాంతాలలో ఈ గడువు మరికొంత ఎక్కువ.

సాగు విధానం

నీరు నిలువని, పశువుల ఎరువు కలిపిన గుల్లనేల కావాలి. నారు పోసి నాటితే వేరు కదిలి మొక్క కుంగుతుంది కనుక గింజలను నేరుగా మడిలోనే, అంగుళం లోతున, జానెడు ఎడంగా విత్తాలి. విత్తే ముందు నేలను తడిపి, మొలక కనిపించే వరకు నీటిని పొదుపుగా ఇవ్వాలి. ఎక్కువైతే గింజ కుళ్ళుతుంది. పూత, పిందె దశలలో మాత్రం తడి ఆరనివ్వకూడదు.

పప్పుజాతి మొక్క కనుక నత్రజనిని తానే సమకూర్చుకుంటుందని చాలామంది నమ్మకం. అయితే ఫ్రెంచి చిక్కుడు వేళ్ళపై బుడిపెలు అంతంతమాత్రంగానే ఏర్పడతాయి. కాబట్టి ఎరువు అవసరమే. అతిగా వేస్తే ఆకు పెరిగి కాపు తగ్గుతుంది.

పేనుబంక, ఎర్రనల్లి కనిపిస్తే ఆకుల అడుగుభాగం తడిసేలా వేపనూనె ద్రావణం చల్లాలి. ఆకులు తడిగా ఉన్నప్పుడు మొక్కల మధ్య తిరిగితే తుప్పు తెగులు వంటివి ఒకదానినుండి మరొకదానికి పాకుతాయి. మొజాయిక్ వైరసు సోకిన మొక్కను పీకివేయడమే మార్గం.

కోత, విత్తనం

విత్తిన 50-60 రోజులకు కాయలు కోతకు వస్తాయి. లోపలి గింజ ఉబ్బకముందే, రెండు మూడు రోజులకొకసారి కోయాలి. ముదరనిస్తే మొక్క కొత్త పూత మానుకుంటుంది. పొద రకాల కాపు ఒక్కసారిగా వచ్చి రెండు మూడు వారాలలో ముగుస్తుంది. ఇంటికి కొంతకాలం కాయలు అందాలంటే పదిహేను రోజుల తేడాతో రెండు మడులు వేసుకోవాలి.

బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క కోమల్, అర్క సువిధ పొద రకాలే. వీటిలో అర్క సువిధకు ఈనెలు ఉండవు. ఈనెలు లేని రకాన్ని తొలిసారిగా 1894లో న్యూయార్కు రాష్ట్రంలోని లీరాయ్‌లో కాల్విన్ కీనీ సాధించాడు. ఇది స్వపరాగ సంపర్కం జరిపే మొక్క. అందువలన ఆరోగ్యమైన మొక్కపై కాయలను ఎండనిచ్చి తీసిన గింజ మరుసటి ఏటికి అదే రకాన్ని ఇస్తుంది. మొజాయిక్ వైరసు గింజ ద్వారా కూడా వ్యాపిస్తుంది కనుక తెగులు సోకిన మొక్కల గింజలు దాచకూడదు.

ముదిరిన గింజలలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. దీనివలన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. ఎండుగింజలను నానబెట్టి, ఆ నీరు పారబోసి, కనీసం పది నిమిషాలు తెర్లే నీటిలో ఉడికించాలి. సన్నని సెగమీద సగం ఉడికినవి తినరాదు.