పక్షుల బండ నీడలో ఒక లోయ

ప్రియ చదువరులారా, ఈసారి మిమ్మును ఒక కొండ దగ్గరకు తీసుకువెళ్ళాలని ఉంది. అది సీనాయి కాదు, ఒలీవల కొండ కాదు. బ్రిటను దీవి పడమటి అంచున, వేల్సు దేశములో, సముద్రపు గాలి తగిలే చోట ఉన్న ఒక చిన్న కొండ. పేరు క్రైగ్ ఎర్ అదెరిన్. వెల్షు భాషలో ఆ మాటకు పక్షి బండ అని అర్థము.

టవిన్ అనే తీరపు పట్టణములో సముద్రమునకు వీపు పెట్టి, డిసన్ని నది వెంబడి లోపలికి నడవండి. ఇరుప్రక్కల కొండలు, నడుమ బల్లపరుపుగా పచ్చిక. గొర్రెలు, పశువులు మేస్తుంటాయి. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు పోయాక ఆ చదునైన నేలలో నుండి ఒక్కసారిగా నిట్టనిలువుగా బండ లేస్తుంది. శిఖరము ఎత్తు 258 మీటర్లు. మన దేశపు కొండలతో పోల్చితే ఇది గొప్ప ఎత్తు ఏమీ కాదు. అయినా పాదము దగ్గర నిలబడినవాడు తల బాగా వెనక్కు వంచితేనే గాని దాని కొన చూడలేడు.

ఆ బండ అంచులలో నీటికాకులు గూళ్ళు కట్టుకుంటాయి. మన చెరువుల మీద రెక్కలు చాచి ఆరబెట్టుకునే పెద్ద నల్ల నీటికాకి ఉన్నది చూశారా, అదే జాతి. వేల్సులో అవి సాధారణముగా సముద్రపు ఒడ్డున, అలలు కొట్టే బండల మీద గూడు కట్టే పక్షులు. మరి సముద్రము కనుచూపు మేరలో లేని ఈ పొలాల నడుమ వాటికేమి పని?

ఒకప్పుడు సముద్రము ఇక్కడే ఉండేది. మంచు యుగములో హిమానీనదము ఈ లోయను లోతుగా తొలిచింది. మంచు కరిగిన తర్వాత సముద్రపు నీరు లోపలికి వచ్చి బండ పాదమును తాకింది. తరువాత వేల సంవత్సరాలు నది ఒండ్రు తెచ్చి పోసింది. నది ముఖద్వారము దగ్గర గులకరాళ్ళ గట్టు పేరుకుంది. పోను పోను మనుషులు కూడా కాలువలు త్రవ్వి, బురద నేలను పచ్చికబయలుగా మార్చుకున్నారు. సముద్రము వెనక్కు పోయింది. తీరము దగ్గర ఒక ఉప్పునీటి మడుగు మాత్రము ఆ పాత జలములకు గుర్తుగా మిగిలింది. నీటికాకులు మాత్రము బండను వదలలేదు. చేపల కోసము మడుగుకు, సముద్రానికి ఎగిరిపోతాయి, తిరిగి అదే బండకు వస్తాయి. యిర్మీయా ప్రవక్త తన గ్రంథము 8వ అధ్యాయములో, ఆకాశ పక్షులు తమ కాలమును ఎరుగును గాని నా ప్రజలు ఎరుగరు అను భావముతో వేదనపడిన మాట ఇక్కడ ఎవరికైనా జ్ఞాపకము రాకమానదు.

ఈ బండ పైన క్రీస్తు పూర్వపు ఇనుప యుగము వారి కోట గోడల ఆనవాళ్ళు ఉన్నాయి. కొంచెము ఎగువన కాస్తెల్ ఎ బేర అనే కోట శిథిలమై ఉంది. వెల్షు రాజు మహా లెవెలిన్ దానిని 1221లో కట్టించాడు. 1283లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు సైన్యము దానిని పట్టుకుంది. పది పన్నెండేళ్ళకే అది పాడుబడిపోయింది. రాజుల సంగతి ఇంతటితో చాలు.

నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది నది దిగువన, టవిన్ పట్టణపు సంఘ మందిరములో ఉంది. ఆరవ శతాబ్దములో బ్రిటనీ నుండి వచ్చాడని చెప్పబడే కాద్వన్ అను భక్తుని పేరిట ఉన్న మందిరము అది. అందులో మనిషికన్న ఎత్తైన ఒక సన్నని రాతి స్తంభము నిలిచి ఉంది. ఎనిమిది తొమ్మిది శతాబ్దముల నాటిది. సమాధి రాయి. ఆ కాలములో ఆ దేశపు క్రైస్తవులు రాతి మీద ఏదైనా చెక్కితే లాటిను భాషలోనే చెక్కేవారు. ఈ రాయి మీద మాత్రము తమ ఇంటి భాషలో చెక్కారు. మనకు మిగిలియున్న వెల్షు వ్రాతలలో ఇదే అతి పురాతనమైనదని పండితులు చెబుతారు. చనిపోయినవారి పేర్లు చెప్పి, దుఃఖము ఇంకా నిలిచి ఉన్నది అను భావము గల మాటలు అందులో ఉన్నవని వారు చదివారు. గమనించండి, ప్రియులారా. గుండె పగిలినప్పుడు మనిషి నేర్చుకున్న భాషలో ఏడవడు.

ఈ సంగతి ప్రభుత్వములకు ఎప్పుడూ సులభముగా అర్థము కాదు. 1536లో వేల్సును ఇంగ్లండులో కలుపుతూ చేసిన చట్టము, ఇంగ్లీషు మాట్లాడనివాడు ఏ పదవికీ తగడని నిర్ణయించింది. న్యాయస్థానము ఇంగ్లీషులో, ఆరాధన కూడా ఇంగ్లీషులో. జనులకు ఆ భాష రాదు. 1563లో మరొక చట్టము వచ్చింది. బైబిలును, ప్రార్థన గ్రంథమును వెల్షులోనికి తర్జుమా చేయవలెనని ఆజ్ఞ ఇచ్చారు. అయితే అందులో ఒక విచిత్రమైన షరతు ఉంది. వెల్షు బైబిలు ప్రక్కన ఇంగ్లీషు బైబిలు కూడా ప్రతి మందిరములో ఉంచవలెను. ఎందుకంటే రెండూ పోల్చి చదివి జనులు ఇంగ్లీషు త్వరగా నేర్చుకుంటారట! అధికారుల ఆలోచన అది. జరిగినది వేరు. 1567లో కొత్త నిబంధన వచ్చింది. 1588లో విలియం మోర్గన్ అనే పల్లె గురువు పూర్తి బైబిలును వెల్షులో ముద్రింపజేశాడు. ఇంగ్లీషు నేర్పుటకు ఉద్దేశించిన ఏర్పాటే వెల్షు భాషను బ్రతికించింది. 2021 జనాభా లెక్కలలో కూడా వేల్సులో 5 లక్షల 38 వేల మంది ఆ భాష వచ్చునని చెప్పారంటే, దానికి గల కారణములలో ఆ గ్రంథము ముఖ్యమైనదని చరిత్రకారులు ఒప్పుకుంటారు.

గ్రంథము ఉంటే చాలదు, చదవడము రావాలి కదా. 1730ల నుండి గ్రిఫిత్ జోన్స్ అనే పాదిరి, ఊరూరికి కదిలే బడులు నడిపాడు. ఒక ఊరిలో మూడు నెలలు, తరువాత మరొక ఊరు. పొలము పనులు లేని చలికాలములో పిల్లలు, పెద్దలు, ముసలివారు కూడా కూర్చుని తమ భాషలో బైబిలు చదవడము నేర్చుకున్నారు. 1761లో ఆయన మరణించేనాటికి లక్షా యాభై వేలకు పైగా జనులు ఆ బడులలో చదివారని ఆయన నివేదికలు చెబుతున్నవి. అప్పటి వేల్సు జనాభా నాలుగైదు లక్షలే. ఆ పనిని తరువాత ఉత్తరమున బాల పట్టణములో థామస్ చార్లెస్ అందుకున్నాడు. ఈయనకు ఏ సంఘమూ స్థిరముగా గురుత్వము ఇవ్వలేదు. భార్య నడిపిన దుకాణము మీద ఇల్లు గడిచేది, ఆయన బడులు స్థాపిస్తూ తిరిగేవాడు. సేవకుల భార్యల సంగతి చరిత్ర పుస్తకాలలో ఎంత తక్కువగా ఉంటుందో మీకు తెలుసు!

చదవడము వచ్చినవారు వేలయ్యారు. బైబిళ్ళు మాత్రము దొరకలేదు. 1799లో అచ్చయిన పదివేల ప్రతులు ఏ మూలకూ చాలలేదు. ఆమోసు చెప్పిన కరవు, అనగా దేవుని మాటలు దొరకని కరవు, ఈ లోయలలో అక్షరాలా కనిపించింది.

ఇప్పుడు పక్షి బండ దగ్గరకు తిరిగి వద్దాము. బండ దాటి లోయలో కొంచెము పైకి పోతే లాన్‌విహాంగెల్ ఎ పెన్నాంత్ అనే చిన్న ఊరు. మిఖాయేలు దూత పేరిట మందిరము ఉన్న ఊరని ఆ పేరుకు అర్థము. అక్కడ నేతపని వారింట 1784 డిసెంబరు 16న ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు మేరీ జోన్స్. మీలో చాలామంది ఆమెను ఎరుగుదురు. సండే స్కూలులో బొమ్మలు చూపించి, చెప్పులు లేకుండా బైబిలు కోసము కొండలు దాటి నడిచిన అమ్మాయి కథ చెప్పారు కదా, ఆమే.

ఆ కథలో గట్టి భాగము ఏది, తరువాత చేరినది ఏది అన్నది విశ్వాసులు తెలుసుకోవడము మంచిదని నా అభిప్రాయము. 1800 సంవత్సరములో ఆమె బాలకు వెళ్ళి చార్లెస్ దగ్గర బైబిలు కొన్నది నిజము. తన పదహారవ ఏట కొన్నానని ఆ బైబిలులో తన చేతితోనే వ్రాసుకుంది. కాదెర్ ఇద్రిస్ అనే పెద్ద పర్వతపు దాపున ఉన్న ఆ ఊరి నుండి బాలకు దారి దాదాపు నలభై కిలోమీటర్లకు పైనే. బడిలో చదువు నేర్చుకున్నది, డబ్బు కూడబెట్టుకున్నది కూడా నమ్మదగినవే. మిగిలిన ప్రతులన్నీ ఎవరికో మాట ఇచ్చినవని చార్లెస్ చెప్పగా ఆమె ఏడ్చెననీ, ఆయన కరిగిపోయి వేరొకరి ప్రతి ఇచ్చెననీ మనము విన్నాము. వృద్ధాప్యములో ఆమె నోట విన్నవారు వేరుగా చెప్పారు. బైబిళ్ళు ఇంకా రాలేదు గనుక బాలలోనే ఆగవలసి వచ్చింది. వచ్చిన తరువాత ఆమెకు ఒకటి కాదు, మూడు ప్రతులు దొరికినవి. కన్నీళ్ళ కథకన్నా ఈ ఎదురుచూపు నాకు ఎక్కువ నచ్చుతుంది.

1879లో రాబర్ట్ ఆలివర్ రీస్ వెల్షులో ప్రచురించిన చిన్న పుస్తకము, ఆ తరువాత వచ్చిన ఇంగ్లీషు కథలు ఆమె పేరును లోకమంతటా చాటినవి. 1802 డిసెంబరులో లండనులో జరిగిన సభలో చార్లెస్ వెల్షు బైబిళ్ళ కొరతను గూర్చి మొరపెట్టుకున్నారు. ఆ సభలో ఆమె కథ చెప్పారనుటకు ఆనాటి ఆధారము ఏదీ కనబడదు. అక్కడ జోసెఫ్ హ్యూస్ అనే బాప్టిస్టు పాదిరి, వేల్సు కొరకు చేయగలిగితే లోకమంతటి కొరకు ఎందుకు చేయకూడదని అడిగాడు. 1804 మార్చి 7న బైబిలు సొసైటీ స్థాపించబడింది. ఒక్క అమ్మాయి వలననే సొసైటీ పుట్టిందని మనము బోధించేటప్పుడు, మిగిలిన వేలాది మంది ఆకలిని మరచిపోతున్నాము. నేతగాళ్ళు, గొర్రెల కాపరులు, పని మనుషులు చలిరాత్రులలో కూర్చుని అక్షరాలు నేర్చుకోకపోతే చార్లెస్ లండనుకు ఏ బైబిళ్ళ కోసము వెళ్ళేవాడు? మేరీని తగ్గించాలని ఈ మాట అనడము లేదు. ఆమె ఆ వేలమందిలో ఒకతె, మనకు పేరు తెలిసిన ఒకతె.

ఆ ప్రశ్న మన వైపు కూడా వచ్చింది. లండను మిషను సేవకులు క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నము చేరారు. ఆనందరాయర్ అను తెలుగు విశ్వాసి సహాయముతో డెస్ గ్రాంజెస్ సువార్తలను తర్జుమా చేశాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. తమ పని అచ్చులో చూడలేదు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. ప్రిచ్చెట్ తర్జుమా చేసిన కొత్త నిబంధన బైబిలు సొసైటీ తోడ్పాటుతో 1818లో మద్రాసులో వెలువడింది. అంటే సొసైటీ పుట్టి పద్నాలుగేళ్ళు తిరిగేసరికి తెలుగు చదువగలవాని చేతికి కొత్త నిబంధన వచ్చింది. మీ ఇంట అమ్మమ్మ చేతి మరకలతో ఉన్న పాత బైబిలు ఉంటే, దాని మొదటి పుటలో ప్రచురణకర్తల పేరు ఒకసారి చూడండి.

మేరీ తరువాత ఒక నేతగాడిని పెండ్లి చేసుకుని, లోయ దిగువన బ్రిన్‌క్రిగ్ అనే ఊరిలో కాపురము చేసింది. తేనెటీగలను పెంచి, ఆ తేనె డబ్బులో నుండి బైబిలు సొసైటీకి పంపేదని చెబుతారు. 1864లో మరణించి ఆ ఊరిలోనే సమాధి చేయబడింది. ఆమె పుట్టి పెరిగిన ఇల్లు ఇప్పుడు మొండి గోడలు. 1907లో ఆ జిల్లా సండే స్కూళ్ళవారు ఆ గోడల నడుమ ఒక రాతి స్తంభము నిలిపారు. ఆమె వ్రాసుకున్న బైబిలు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయములో ఉంది. ఆ మూడింటిలో మరొకటి అబెరిస్త్‌విత్‌లోని వేల్సు జాతీయ గ్రంథాలయములో ఉంది. ఆ స్తంభము దగ్గర నుండి లోయ వెంట క్రిందికి వస్తే పక్షి బండ. దాని క్రింద గొర్రెలు మేస్తుంటాయి, పైన నీటికాకులు సముద్రము నుండి తిరిగి వస్తుంటాయి.