ఆంథోఫోరా ప్యూబ్లో: ఇసుకరాతిని తొలిచే తేనెటీగ

ఆంథోఫోరా ప్యూబ్లో అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి ఎడారుల్లో ఇసుకరాతిని తొలిచి గూడు పెట్టుకునే ఒంటరి తేనెటీగ. మైకేల్ ఆర్, టెర్రీ గ్రిస్వోల్డ్, జేమ్స్ పిట్స్, ఫ్రాంక్ పార్కర్ 2016లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. నేలలో సొరంగాలు తవ్వే తేనెటీగ జాతులు వేలల్లో ఉన్నాయి. మెత్తటి ఒండ్రు పక్కనే దొరికినా రాతినే ఎంచుకోవడం ఈ జాతి విశేషం.

వర్గీకరణ

ఆంథోఫోరా ప్రజాతి ఏపిడే కుటుంబానికి చెందినది. తేనెపట్టు పెట్టే తేనెటీగలు కూడా ఈ కుటుంబంలోవే. పాశ్చాత్య గ్రంథాల్లో గని తవ్వే తేనెటీగలు అనే వాడుక పేరు ప్రధానంగా ఆండ్రీనా ప్రజాతిది. ఆ ప్రజాతి వేరే కుటుంబంలో, అంటే ఆండ్రీనిడేలో ఉంది. అందులో 1,500కు పైగా జాతులను గుర్తించారు. కొన్ని రచనలు ఈ రెండింటినీ ఒకే పేరు కింద చేర్చినా, వీటిని కలిపేది తవ్వే అలవాటే గాని దగ్గరి చుట్టరికం కాదు. అందువల్ల రెంటినీ వేర్వేరుగా చూడడమే మేలు.

ఆంథోఫోరాకు నిజమైన దగ్గరి బంధువు అమెగిల్లా ప్రజాతి. ఒకప్పుడు దాన్ని ఆంథోఫోరాలో భాగంగానే లెక్కించేవారు. తెలుగు ప్రాంతాలతో సహా భారతదేశమంతటా కనిపించే నీలిచారల తేనెటీగలు ఈ ప్రజాతివే. నేలలోనూ మట్టిగోడల్లోనూ గూళ్లు తొలుస్తూ, వంగ, టమాటా వంటి పూల కేసరాలను ఒంటి ప్రకంపనతో కదిలించి ఇవి పుప్పొడి రాల్చుకుంటాయి.

రూపంలో ఆంథోఫోరా తేనెటీగలు బొద్దుగా, ఒత్తైన నూగుతో ఉంటాయి. చాలా వేగంగా ఎగురుతాయి, పూల ముందు గాలిలో నిలిచి చటుక్కున మరో పువ్వుకు మళ్లుతాయి. జాతుల మధ్య తేడాలు సూక్ష్మమైనవి కావడంతో ఎగిరే ఈగను చూసి జాతిని తేల్చడం కష్టం. నమూనాలను సూక్ష్మదర్శినిలో పోల్చి చూడవలసి ఉంటుంది.

కనుగొన్న క్రమం

ఈ జాతిని 2016లో కనుగొన్నారని కొన్ని వార్తాకథనాలు రాశాయి. ఆ సంవత్సరం వర్ణనకు సంబంధించినది. ఈగలూ గూళ్లూ అంతకు చాలా ముందే దొరికాయి. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన కీటక శాస్త్రవేత్త ఫ్రాంక్ పార్కర్ యూటా రాష్ట్రంలోని శాన్ రఫేల్ ఎడారిలో రెండు చోట్ల ఈ గూళ్లను గమనించాడు. అది వర్ణనకు సుమారు 40 ఏళ్ల ముందని చెబుతారు. దీన్ని బట్టి 1970ల చివరి భాగం కావచ్చుననే అంచనా సమంజసంగా ఉంది. ఆ పరిశీలనలు అప్పట్లో అచ్చుకాలేదు.

యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆర్ తర్వాత ఈ విషయాన్ని చేపట్టాడు. పాత నమూనాలను పరిశీలించడంతో పాటు మరో ఐదు గూళ్ల స్థలాలను బృందం గుర్తించింది. అంతర్జాతీయ జంతు నామకరణ నియమాల ప్రకారం జాతి పేరు చెల్లాలంటే వర్ణన ప్రచురితం కావాలి, దానికి ఆధారంగా ప్రమాణ నమూనాను నిర్దేశించాలి. ఈ రెండూ నెరవేరింది 2016లోనే. అందువల్ల కనుగొన్న ఘనత పార్కర్‌కు ఇచ్చి, వర్ణన కాలాన్ని 2016గా చూపడం సరైన పద్ధతి.

ఇంతటి జాప్యం అరుదు కాదు. నమూనా సేకరణకూ వర్ణనకూ మధ్య సగటున 21 ఏళ్లు గడుస్తున్నాయని ఫ్రెంచి పరిశోధకులు 2012లో లెక్కగట్టారు.  

విస్తరణ

యూటాలోని శాన్ రఫేల్ ప్రాంతం, కొలరాడో నైరుతి భాగంలోని మెసా వెర్డే, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారి ప్రాంతాల నుంచి ఈ జాతి గూళ్లు నమోదయ్యాయి. మూడూ పొడి నేలలే. వాన తక్కువ, అది కురిసినప్పుడు మెరుపు వరదలు ఎక్కువ.

మెసా వెర్డేలో ఈ ఈగలు పూర్వ ప్యూబ్లో ప్రజల కొండచరియ నివాసాల ఇసుకరాతిలోనూ గూళ్లు పెట్టాయి. జాతి పేరు ఆ ప్రజల మీదుగా వచ్చినదే. ఆ కట్టడాల్లో ఎక్కువ భాగం 12వ శతాబ్ది చివరి నుంచి 13వ శతాబ్ది చివరి వరకు లేచినవి. 1300 నాటికి జనం ఆ చోటు విడిచి దక్షిణానికి తరలిపోయారు. వారి వారసులు హోపీ, జూనీ తదితర ప్యూబ్లో సమాజాలుగా నేటికీ ఉన్నారు. ఈ స్థలం 1906లో జాతీయ ఉద్యానవనం, 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశం అయింది. శిథిలాల్లో గూళ్లు కనిపించినంత మాత్రాన మనుషులున్న కాలంలోనే ఈగలు అక్కడ చేరాయని చెప్పలేం.

గూటి నిర్మాణం

ఒంటరి తేనెటీగల్లో రాణి, కూలి ఈగలు అనే విభజన ఉండదు. ప్రతి ఆడ ఈగ తన గూటిని తానే తవ్వుకుంటుంది, పిల్లల ఆహారాన్ని తానే కూడబెడుతుంది. అయితే అనుకూలమైన రాతి ముఖం మీద ఈ జాతి గూళ్లు దగ్గర దగ్గరగా గుంపుకడతాయి.

ఇసుకరాయి అంటే ఖనిజపు బంధకంతో అతుక్కున్న ఇసుక రేణువుల ముద్ద. రాతి గట్టిదనం ప్రధానంగా ఆ బంధకంపై ఆధారపడుతుంది. ఈగ దవడలతో రేణువులను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ సొరంగం తొలుస్తుంది. రాతిని మెత్తబరచడానికి నీటిని వాడుతుందని పరిశీలకులు భావిస్తున్నారు. ఇదే ప్రజాతిలోని ఆంథోఫోరా అబ్రప్టా బంకమట్టి గట్లను తవ్వేటప్పుడు నీళ్లు మోసుకొస్తుంది కనుక ఈ అభిప్రాయం నమ్మదగినదే. సొరంగంలోని ఒక్కో అరలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద నింపి, దానిపై గుడ్డు పెట్టి అరను మూసేయడం ఈ ప్రజాతి సాధారణ రీతి.

రాతిని ఎంచుకోవడానికి కారణాలు

మట్టి కంటే రాయి తవ్వడానికి శక్తి, కాలం ఎక్కువ పడతాయి, దవడలు అరుగుతాయి. అలాంటప్పుడు రాయే ఎందుకన్న ప్రశ్నకు రెండు రకాల సమాధానాలున్నాయి. ఎడారిలో తగిన మట్టి దొరకక రాతిని ఆశ్రయించాయన్నది ఒకటి. రాయి ఇచ్చే రక్షణ కోసమే దాన్ని ఎంచుకుంటాయన్నది మరొకటి. ఒండ్రు, ఇసుకరాయి రెండూ ఉన్న చోట్ల కూడా ఈగలు ఇసుకరాతి వైపే మొగ్గడం రెండో వివరణకు బలమిస్తోంది.

ఆ రక్షణ పలు విధాలుగా పనిచేస్తుంది. రాతి గూడు గాలికోతకూ ఆకస్మిక వరదకూ మట్టిగూడంత తేలిగ్గా చెదరదు. ఇసుకరాతిలో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి, ఆహారపు ముద్దను పాడుచేసే సూక్ష్మజీవుల పెరుగుదల తగ్గవచ్చు. పరాన్నజీవులైన కొన్ని పెంకుపురుగులు రాతి గోడను తొలిచి బయటపడలేక లోపలే చనిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆలస్యంగా వెలువడే అలవాటు. గూటిలోని ఈగలన్నీ మరుసటి ఏడాదే బయటికి రావు. కొన్ని అంతకు మించి లోపలే నిద్రాణంగా ఉండిపోతాయి. కరవు ఏట పూలు పూయవు. ఆ ఏడు వెలువడిన ఈగలకు సంతానాన్ని పోషించే దారి ఉండదు, లోపల మిగిలినవి మాత్రం వంశాన్ని నిలబెడతాయి. ఇన్నేళ్ల నిరీక్షణకు చెదరని గూడు కావాలి. పాత సొరంగాలను తర్వాతి తరాలు తిరిగి వాడుకోవడం వల్ల తొలి తవ్వకపు ఖర్చు ఒక్క ఈగ మీదే పడదు. మొదట వృథాప్రయాసగా తోచే రాతిపని, అనేక తరాల లెక్కలో చూస్తే లాభదాయకమే.

ప్రాముఖ్యం

ప్రపంచంలో ఇప్పటివరకు వర్ణించిన తేనెటీగ జాతులు 20,000కు పైమాటే. వాటిలో దాదాపు 70 శాతం నేలలో గూడు పెట్టేవని సాధారణంగా అంచనా వేస్తారు. ఆంథోఫోరా ప్రజాతి ఒక్కదానిలోనే బంకమట్టి గట్లు, ఇసుకరాయి, చివరకు నికరాగువాలోని మసాయా అగ్నిపర్వతపు బూడిద కూడా గూళ్లకు నెలవులయ్యాయి. ఒంటరి తేనెటీగలను కాపాడాలంటే పూలమొక్కలు పెంచడం ఒక్కటే చాలదనీ, గూటికి అనువైన గట్లు, రాతి ముఖాలు చెక్కుచెదరకుండా మిగలాలనీ ఈ జాతి స్పష్టం చేస్తోంది. కొన్నేళ్లపాటు ఈగలు కనబడని రాతి ముఖాన్ని ఖాళీ స్థలంగా భావించడం పొరపాటు; అందులో ఇంకా వెలువడని తరం ఉండవచ్చు. సర్వేలు ఒక్క ఋతువుకే పరిమితం కాకుండా పలు ఏళ్లు సాగాలన్న సూచనకు ఇదే ఆధారం.