విద్యుత్ కారులో ఉత్తర తెలంగాణ ప్రయాణం: మార్గమధ్యంలో చార్జింగే కీలకం

(ప్రత్యేక వ్యాసం)

కరీంనగర్: ఉత్తర తెలంగాణ విద్యుదుత్పత్తికి పుట్టినిల్లు. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. థర్మల్ కేంద్రం, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రం ఉన్నాయి. రామగుండం జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022 జూలైలో పూర్తిస్థాయిలో పనిచేయనారంభించింది. అయినప్పటికీ ఈ ప్రాంతంలో విద్యుత్ కారుపై దూరప్రయాణం చేయదలచినవారు, చార్జింగ్ ఎక్కడ లభిస్తుందో ముందుగా చూసుకొని బయలుదేరవలసి ఉంటుంది.

దూరం - బ్యాటరీ లెక్క

సాధారణ విద్యుత్ కారు ఒక యూనిట్ విద్యుత్తుతో సుమారు 6 నుండి 7 కిలోమీటర్లు నడుస్తుంది. 40 యూనిట్ల బ్యాటరీ గల కారు 240 కిలోమీటర్లకు పైగా వెళ్ళగలదు. కరీంనగర్ నుండి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్‌కు సుమారు 160 కిలోమీటర్లు. వెళ్ళడానికి ఇబ్బంది లేదు, తిరుగు ప్రయాణానికి మాత్రం చార్జింగ్ తప్పనిసరి. జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు 200 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. గమ్యం చేరేసరికి బ్యాటరీలో మిగిలేది స్వల్పమే. నేరడిగొండ వద్ద దారి మళ్ళి కుంటాల జలపాతం చూడదలచినవారు ఆ అదనపు దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు విద్యుత్తు అధికంగా ఖర్చవుతుంది. దిగేటప్పుడు కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

చార్జింగ్ విధానాలు

ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్ ద్వారా గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. అనగా 40 యూనిట్లకు 13 గంటలకు పైగా పడుతుంది. 60 కిలోవాట్ల డి.సి. ఫాస్ట్ చార్జర్ వద్ద, కారు ఆ వేగాన్ని స్వీకరించగలిగితే, గంటలోపే 80 శాతం వరకు చార్జింగ్ పూర్తవుతుంది. ఆపై బ్యాటరీ రక్షణ నిమిత్తం వేగం తగ్గుతుంది. కావున దూరప్రయాణంలో 80 శాతం వద్ద బయలుదేరడమే సమయం ఆదా చేసే పద్ధతి.

ప్రభుత్వ చర్యలు

చార్జింగ్ కేంద్రం నిర్వహణకు విద్యుత్ లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. రహదారులకు ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని అదే ఏడాది డిసెంబరులో మార్గదర్శకాలు జారీ చేసి, 2024 సెప్టెంబరులో ఆ దూరాన్ని 20 కిలోమీటర్లకు తగ్గించింది. ఈ ప్రమాణం ప్రకారం కరీంనగర్ - ఆదిలాబాద్ మార్గంలో ఒక్కొక్క వైపున పది కేంద్రాలు అవసరమవుతాయి. 2024లో ప్రారంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ కేంద్రాలకు రూ. 2,000 కోట్లు కేటాయించడం జరిగింది.

రాష్ట్ర ప్రభుత్వం 2020 అక్టోబరులో విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించింది. 2024 నవంబర్ 18 నుండి 2026 డిసెంబర్ 31 వరకు విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయిస్తూ ఉత్తర్వులు జారీ చేసింది. 2024 సెప్టెంబరులో కరీంనగర్-2 డిపో నుండి ఆర్టీసీ విద్యుత్ బస్సులు ప్రారంభమయ్యాయి. నిర్ణీత మార్గంలో తిరిగే బస్సుకు డిపోలోనే చార్జింగ్ సదుపాయం ఉంటుంది. సొంత కారులో వెళ్ళే కుటుంబానికి అట్టి వెసులుబాటు లేదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు గాని, కవ్వాల్ అభయారణ్యానికి గాని వెళ్ళేవారికి ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు దారులలో ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. వాహనాలపై ఇచ్చిన రాయితీ ఫలితం ప్రజలకు పూర్తిగా అందాలంటే, జాతీయ రహదారితో పాటు ఈ దారులకు కూడా చార్జింగ్ కేంద్రాలు విస్తరించవలసి ఉన్నది.

ప్రయాణికులకు సూచనలు

* చార్జింగ్ కేంద్రం పనిచేస్తున్నదీ లేనిదీ బయలుదేరే ముందే ఫోన్ ద్వారా నిర్ధారించుకోవాలి. సమీపంలో మరొక కేంద్రాన్ని గుర్తించి ఉంచుకోవాలి.
* బ్యాటరీ 20 శాతానికి చేరకముందే చార్జింగ్ చేసుకోవాలి.
* ఆదిలాబాద్ శీతాకాలపు చలిలో బ్యాటరీ తక్కువ దూరం ఇస్తుంది. రామగుండం వేసవి ఎండలో ఏ.సి. వాడకం వల్ల, బ్యాటరీ వేడెక్కడం వల్ల అదనపు సమయం పట్టవచ్చు.
* బస చేసే చోట ప్లగ్‌కు ఎర్తింగ్ ఉన్నదీ లేనిదీ పరిశీలించాలి. పలుచని ఎక్స్‌టెన్షన్ వైర్లు వాడరాదు.
* అటవీ ప్రాంతపు దారులలోకి ప్రవేశించే ముందు నిర్మల్, మంచిర్యాల లేదా ఆదిలాబాద్ పట్టణంలోనే తగినంత చార్జింగ్ చేసుకోవడం శ్రేయస్కరం.