మడ అడవికి ప్రయాణమా? పోటు చూసుకుని పడవెక్కాలి
- కృష్ణా అభయారణ్యం సందర్శకులు తెలుసుకోవలసిన విషయాలు

అవనిగడ్డ: విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటిన కృష్ణానది పులిగడ్డ వద్ద పాయలుగా చీలి, దివిసీమను చుట్టుకుని బంగాళాఖాతంలో కలుస్తుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఆ పాయల చివర వెలసినదే కృష్ణా మడ అడవి. ఎత్తైన కొండలు, జలపాతాలు, నడక దారులు ఇక్కడ కనిపించవు. సముద్రపు పోటు వస్తే నీరు, పాటు వస్తే బురద. గుడారాలు వేసుకుని రెండు రోజులు గడపాలని ఉత్సాహపడే వారికి ఈ అడవి అనువైనది కాదు. ముందస్తు అనుమతి తీసుకుని, వేళ చూసుకుని, పగటిపూట వెళ్లి వచ్చే వారికి మాత్రం మరెక్కడా దొరకని దృశ్యాలను చూపుతుంది.

ఎక్కడుంది?

కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. దీనిని 1989లో అభయారణ్యంగా ప్రకటించారు. సొర్లగొంది, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ, కొత్తపాలెం, అడవులదీవి, లంకెవానిదిబ్బ తదితర రిజర్వు అడవులు ఇందులో భాగాలు. ఒకప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాలలో విస్తరించిన ఈ అడవి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన అనంతరం కృష్ణా, బాపట్ల జిల్లాల పరిధిలోకి వచ్చింది. నాగాయలంక, కోడూరు మండలాలవైపు భాగం కృష్ణా జిల్లాలోను, రేపల్లె, నిజాంపట్నం మండలాలవైపు భాగం బాపట్ల జిల్లాలోను ఉన్నాయి.

ఎలా వెళ్లాలి?

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ సుమారు 65 కిలోమీటర్లు. కృష్ణా కరకట్ట మీదుగా కూడా వెళ్లవచ్చు. అవనిగడ్డకు రైలు మార్గం లేదు. రైలులో వచ్చేవారు మచిలీపట్నంలో గాని, రేపల్లెలో గాని దిగి బస్సు పట్టుకోవాలి. రేపల్లె నుంచి వచ్చేవారికి పెనుమూడి-పులిగడ్డ వారధి దగ్గరి దారి.

అవనిగడ్డ నుంచి రెండు దారులున్నాయి. ఒకటి నాగాయలంక మీదుగా సొర్లగొంది వైపు. మడ అడవి, పాయలలో పడవ ప్రయాణం కోరుకునేవారు ఈ దారిన వెళ్లాలి. రెండవది కోడూరు మీదుగా హంసలదీవి, పాలకాయతిప్ప వైపు. వేణుగోపాలస్వామి ఆలయం, సాగరసంగమం, సముద్రతీరం ఈ దారిలో ఉన్నాయి. ఇక్కడ స్నానమాడిన కాకి హంసగా మారిందని స్థలపురాణం. రెండు దారులనూ ఒకే రోజులో చుట్టాలనుకుంటే దేనినీ తృప్తిగా చూడలేరు. ఈలచెట్లదిబ్బ వంటి దీవులకు పడవే గతి. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు పడవలు నడవవు.

అనుమతి తప్పనిసరి

అభయారణ్యం పార్కు వంటిది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972లోని 28వ సెక్షన్ ప్రకారం పర్యాటకం, ఛాయాచిత్రాలు, పరిశోధన వంటి అవసరాలకు అటవీశాఖ అనుమతితోనే లోనికి ప్రవేశించాలి. చెట్లను, వన్యప్రాణుల ఆవాసాలను పాడుచేయడం, నిప్పు రాజేయడం, ఆయుధాలతో ప్రవేశించడం అదే చట్టంలోని 29, 30, 31 సెక్షన్ల కింద నిషిద్ధం. వంట కోసం పొయ్యి వెలిగించడం, చలిమంట వేయడం సరదాగా అనిపించినా అభయారణ్యంలో అవి నేరాలే. ప్రయాణానికి కొద్ది రోజుల ముందుగానే అవనిగడ్డలోని అటవీశాఖ కార్యాలయాన్ని సంప్రదించి, ఏ భాగం వరకు వెళ్లవచ్చునో, ఏ పడవను వాడాలో, రుసుము ఎంతో తెలుసుకోవడం మేలు. అనుమతి పత్రం లేకుండా తీసుకువెళతామని ఎవరైనా ముందుకు వస్తే ఆ పడవ ఎక్కకపోవడమే క్షేమం.

పోటు, పాటు

ఈ అడవిలో గడియారం కంటే సముద్రమే ముఖ్యం. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఒక పోటుకు, మరో పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది. అందువల్ల పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. నేడు ఉదయం 8 గంటలకు పోటు వస్తే రేపు 9 గంటలకు కాస్త అటుఇటుగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు హెచ్చుగాను, పాటు లోతుగాను ఉంటాయి. అష్టమి పరిసరాలలో రెంటి మధ్య తేడా తగ్గుతుంది.

పోటు ఎక్కుతున్నప్పుడు పాయలలోకి పడవ సులువుగా సాగుతుంది. పాటు తీస్తుండగా వెళితే మధ్యలో బురద మేటలపై పడవ నిలిచిపోవచ్చు. అలా నిలిచిన పడవ మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి కదలదు. బురదలో దిగి నడవాలని చూస్తే మోకాళ్ల లోతున దిగబడిపోతారు. పాయలలో పుట్టి పెరిగిన మత్స్యకారులకు ఈ వేళలు కొట్టిన పిండి. వారి మాట విని బయలుదేరే సమయం నిర్ణయించుకోవాలి.

ఏ కాలం మేలు?

డిసెంబరు ద్వితీయార్ధం నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. చలి స్వల్పం, వలస పక్షుల రాక అధికం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు తుపానుల కాలమన్నది మరువరాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ప్రయాణానికి ముందు వాతావరణశాఖ హెచ్చరికలు చూసుకోవాలి. మచిలీపట్నం, నిజాంపట్నం రేవులలో ప్రమాద సూచిక ఎగురవేస్తే ప్రయాణం రద్దు చేసుకోవలసిందే. మాఘపౌర్ణమినాడు సాగరసంగమంలో పుణ్యస్నానాలకు జనం పోటెత్తుతారు. ప్రశాంతంగా ప్రకృతిని చూడగోరేవారు ఆ తిథిని తప్పించుకోవడం మంచిది.

ఏం చూడవచ్చు?

తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, ఆల్చి ఇక్కడి ముఖ్యమైన మొక్కలు. మడ చెట్టు చుట్టూ బురదలోంచి మేకుల వలె పైకి పొడుచుకువచ్చినవి శ్వాసవేర్లు. బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుంది. వాటిని తొక్కితే చెట్టుకు ప్రాణాంతకం. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట పుడుతుంది గనుక ఆ కొమ్మలను విరవరాదు.

ఈ అడవికి పేరు తెచ్చింది బావురుపిల్లి. నీటిలో దిగి చేపలు పట్టే ఈ పిల్లి సాధారణంగా రాత్రివేళ సంచరిస్తుంది. పగలు వెళ్లేవారికి బురదపై దాని అడుగుజాడలు కనిపించినా అదృష్టమే. నీటికుక్కలు, నక్కలు, మండపీతలు, బురదపై గెంతే చిన్న చేపలు, కొంగలు, ఉల్లంకులు కనిపించే అవకాశం ఎక్కువ. పక్షులను చూడడానికి పాటు వేళ బయటపడే బురద మేటలే అనువైన చోటు. జనవరి నుంచి తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రివేళ తీరంలో దీపాలు వెలిగిస్తే తల్లి తాబేళ్లు వెనుదిరుగుతాయి, పిల్లలు సముద్రానికి బదులు వెలుగు వైపు నడిచి మరణిస్తాయి.

రాత్రి బస

తీరంలోను, దీవులలోను గుడారాలు వేయరాదనడానికి కారణాలు ఇవే. దానికి తోడు పాయలలో తాగునీరు దొరకదు, దోమల బెడద ఎక్కువ, అర్ధరాత్రి పోటు వస్తే గుడారం వేసిన చోటే మునగవచ్చు. అవనిగడ్డ, మోపిదేవి, మచిలీపట్నంలలో బస చేసి, తెల్లవారుజామున బయలుదేరి, చీకటి పడకముందే తిరిగి రావడం ఉత్తమం.

వెంట ఉండవలసినవి

- మనిషికి కనీసం మూడు లీటర్ల మంచినీరు, తేలికపాటి ఆహారం.
- అందరికీ లైఫ్ జాకెట్లు. ఈత వచ్చినవారికీ మినహాయింపు లేదు.
- బురదలో ఊడిపోని బూట్లు, పొడుగుచేతుల దుస్తులు, టోపీ.
- బైనాక్యులర్, ప్రథమ చికిత్స పెట్టె, ఛార్జింగ్ ఉన్న ఫోను. సిగ్నల్ అన్నిచోట్లా అందదు కనుక తిరిగివచ్చే సమయం ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. అత్యవసరంలో 112కు ఫోను చేయాలి.
- చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి. ప్లాస్టిక్ సీసా పాయలో పడితే సముద్రానికే చేరుతుంది.

సాగరసంగమం వద్ద నది, సముద్రపు ఒరవడులు కలుస్తాయి. పైకి ప్రశాంతంగా ఉన్నా లోపల లాగు ఎక్కువ. లోతుకు దిగరాదు.

దివిసీమకు కంచె

ఈ జాగ్రత్తలన్నీ పిల్లి కోసమో, పక్షి కోసమో మాత్రమే కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి వేలాది ప్రాణాలను బలిగొంది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు ఆ దెబ్బకు తల్లడిల్లాయి. మడ అడవి ఉప్పెనను పూర్తిగా ఆపలేదు. కాని అలల ఉధృతిని తగ్గిస్తుంది, గాలి వేగాన్ని విరుస్తుంది, ఒండ్రును పట్టి తీరం కోతకు గురికాకుండా కాపాడుతుంది. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేది మడ వేళ్ల నడుమనే గనుక మత్స్యకారుల జీవనానికీ అదే ఆధారం.

వంటచెరకు నరికివేత, ఆక్వా చెరువుల విస్తరణ, ఎగువ ఆనకట్టల వల్ల తగ్గిన మంచినీటి ప్రవాహం ఈ అడవిని కుదించాయి. నీరు అందని చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీటిని పారించి, మడ మొక్కలు నాటే పనిని 1990వ దశకం చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ గ్రామస్థులతో కలిసి చేపట్టాయి. పడవ పాయలో సాగేటప్పుడు ఒడ్డున వరుసగా కనిపించే లేత మడ మొక్కలు ఆ శ్రమ ఫలితం కావచ్చు. వాటి మీదుగా ఎక్కి ఒడ్డు చేరకుండా, చూపిన రేవులోనే దిగడం సందర్శకుల బాధ్యత.