అమ్ముగూడ బలరాం

మా నూజివీడు మామిడి తోటల్లో ఏప్రిల్ వచ్చిందంటే రైతు కళ్లు ఆకాశం మీదే ఉంటాయి. కాయకు టెంక పట్టి, ఇంకో రెండు వారాల్లో కోతకొస్తుందనగా ఒక్క ఈదురుగాలి లేస్తే చాలు, తెల్లారేసరికి సగం కాపు చెట్టు కిందే ఉంటుంది. కాయలో లోపం లేదు, రైతు కష్టంలోనూ లేదు. తులసీదాస్ బలరాం కథ ఎప్పుడు తలుచుకున్నా నాకు ఆ రాలిన కాయే గుర్తొస్తుంది.

బలరాం 1936లో పుట్టాడు. ఊరు సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. బీద కుటుంబం. బూట్లు లేని కాళ్లతోనే బంతాట నేర్చాడు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌లో కలకత్తాకు దీటుగా నిలిచిన ఊరు హైదరాబాద్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును ఎవరికీ వదలలేదు. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. అమ్ముగూడ కుర్రాడి కాళ్లలో ఏముందో ఆయన కంట పడింది. ప్రాక్టీసుకు రమ్మంటే, అంత దూరం రావడానికి చేతిలో డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. రహీం సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారు. భారత ఫుట్‌బాల్‌కు దక్కిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడు మైదానానికి వచ్చింది ఆ సైకిల్ తొక్కుకుంటూనే. కాళ్లలో విద్య ఉన్న పిల్లవాడికి, దారిఖర్చు చూసే మాస్టారు కూడా దొరకాలి.

ఆ తర్వాత ఎదుగుదల ఎంత వేగమో చూడండి. 1956లో హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు నాలుగో స్థానం; జట్టులో బలరాం వయసు ఇరవై. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ జెర్సీ వేసుకున్నాడు, 1961లో కెప్టెన్‌గా ఆ క్లబ్బుకు లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... ఆ మూడు పేర్లు కలిపి పలకడం అప్పటి జనానికి అలవాటైపోయింది.

1960 రోమ్ ఒలింపిక్స్ దగ్గర కాస్త ఆగాలి. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ అంటే అప్పట్లో యూరప్‌కే హడల్. ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది కూడా వాళ్లే. రెండు గోల్స్ వెనకబడ్డాక రెండో సగంలో ఆ హంగరీ మీద గోల్ కొట్టినవాడు బలరాం. 2-1తో ఓడాం. ఫ్రాన్స్‌తో 1-1, డ్రా. పెరూ చేతిలో 3-1తో ఓడాం, ఆ ఒక్క గోలూ బలరాందే. మూడు మ్యాచ్‌లలో ఇండియా కొట్టిన గోల్స్ మూడు, అందులో రెండు అమ్ముగూడ కుర్రాడివి. ఓడిన టోర్నీ కాబట్టి ఈ లెక్క ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నా మటుకు నాకు మన గడ్డ ఆటగాళ్లు సాధించినవాటిలో ఇది ముందు వరసలోదే.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్లు స్వర్ణం గెలిచారు. బలరాంకు అదే ఏడాది అర్జున అవార్డు. అంతకు మించిన శిఖరం లేదు.

ఏడాది తిరిగేసరికి అంతా కూలింది. 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అదే ఏడాది బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఫుట్‌బాలర్‌కు కాలు విరిగితే అతుక్కుంటుందని ఎదురుచూస్తాడు. ఊపిరే అందకపోతే దేనికోసం ఎదురుచూడాలి? ఇరవై ఏడేళ్లు నిండీ నిండకుండానే బూట్లు విప్పేశాడు. తాగుడు లేదు, లంచం లేదు, అహంకారం లేదు. పతనానికి ఒక తప్పు ఉండాలని కథలు చదివి అలవాటు పడిన మనకు ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో, ఒంటరిగానే గడిచింది. చునీకి 1983లో పద్మశ్రీ, పీకేకు 1990లో పద్మశ్రీ. బలరాంకు రాలేదు. ఆ నొప్పి దాచుకోలేదు. ఒకప్పుడు తను నాయకత్వం వహించిన క్లబ్బు మీద మనసు ఎంత విరిగిందంటే, తాను పోయాక భౌతికకాయాన్ని అక్కడికి తీసుకెళ్లొద్దని ముందే చెప్పి ఉంచాడు. 2020లో పీకే, చునీ నెలన్నర తేడాలో వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరాం. రహీం సాబ్ కథతో తీసిన ‘మైదాన్’ సినిమా, అందులో కుర్ర బలరాం పాత్రతో సహా, థియేటర్లకు వచ్చింది 2024లో.

జబ్బు తెచ్చిపెట్టింది విధి, ఒప్పుకుంటాను. మరవడం మాత్రం విధి పని కాదు, మన పనే. కలకత్తా మరిచిందని ఆయన బాధపడ్డాడు సరే, కన్న గడ్డగా మనం మాత్రం ఎంత గుర్తుపెట్టుకున్నాం? నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు బడుల్లో పిల్లలకు ఆటలు నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. మెస్సీ, రొనాల్డోల బొమ్మలు గోడ మీద ఉండనివ్వండి. వాటి పక్కన ఒక్క పేరు రాయండి: తులసీదాస్ బలరాం, రోమ్, 1960, రెండు గోల్స్.